తల్లి కల్చర్

మధ్యాహ్నం పన్నెండున్నరకు శాస్త్రవేత్తను లిఫ్టులో కాల్చి చంపారు. ఒంటిగంటకల్లా గూఢచారి సంస్థ చీఫ్ తన ఏజెంటును పిలిపించాడు.

"మొక్క కణాల్ని ఫ్లాస్కుల్లో పెంచి, వాటిచేత కేన్సర్ మందు చేయించాడాయన. మామూలుగా వచ్చేది చిటికెడు. ఏదో రసాయనం వేసి, తెగులు పట్టిందని కణాల్ని బెదరగొట్టాడు. ఆ భయానికి నలభై రెట్లు ఊరింది."

"కాల్చిన ముఠాకేం కావాలి సార్?"

"తల్లి కల్చర్. అన్ని ఫ్లాస్కులకూ విత్తనంలాంటి మొదటి కణాలు. అది పట్టుకుపోయి, మిగతావన్నీ చంపేస్తారు. ఇక మందు వాళ్ళ గుప్పిట్లోనే." చీఫ్ గొంతు తగ్గించాడు. "మీ అక్క ఎదురుచూస్తున్నది ఈ మందు కోసమే. పోనీ, ఇంకొకర్ని పంపనా?"

"నేనే వెళ్తాను."

మూడింటికి ఏజెంటు ఏసీ మెకానిక్ వేషంలో శాస్త్రవేత్త ల్యాబ్‌లో అడుగుపెట్టాడు. ఎదురొచ్చింది మైనా. శత్రుముఠాలోకి మనవాళ్ళే పంపిన గూఢచారి. తెల్లకోటులో కూడా సినిమాతారలా ఉంది.

"చల్లదనం సరిపోవట్లేదా?" కోడ్ అడిగాడు.

"వణుకు మాత్రం తగ్గట్లేదు."

సరిపోయింది. కల్చర్ రూమ్‌లోకి తీసుకెళ్ళింది. షేకర్ల మీద రెండు వందల ఫ్లాస్కులు గిర్రున తిరుగుతున్నాయి. తేటగా ఉండాల్సిన ద్రవం పాలలా విరిగింది. గది నిండా పులిసిన వాసన.

"బాక్టీరియా కలిపేశారు! ఎవరు?"

వెనక పిస్తోలు క్లిక్కుమంది.

"ఎప్పుడు అమ్ముడుపోయావు?"

"రెండేళ్ళయింది. నువ్వే ఆలస్యంగా అడిగావు."

చటుక్కున తిరిగిన అతని చేతిలోని టెస్టర్ బుస్సుమంది. మత్తుమందు మొహాన పడగానే మైనా కూలబడింది. ఆమె సంచిలో స్టీలు ఫ్లాస్కు. బయటికి తీయగానే మూత మీద ఎర్రటి అంకెలు వెలిగాయి: ఇరవై, పంతొమ్మిది.

"ముట్టుకోకు," మైనా మాట ముద్దగా వచ్చింది. "సున్నాకి హీటర్ వెలుగుతుంది. కణాలు ఉడికిపోతాయి. ఆపే నంబరు... నాకే..." కళ్ళు మూతలు పడ్డాయి.

మూత కింద రెండు వైర్లు. ఏది కత్తిరించాలో తెలియదు. ఐదు. నాలుగు. కటింగ్ ప్లయర్ మూతకిందికి దూర్చి, బలమంతా పెట్టి బ్యాటరీని పెకలించాడు. అంకె 'ఒకటి' దగ్గర ఆరిపోయింది.

కల్చర్ అందుకోవడానికి కింద కారులో కాచుకున్న విదేశీయుణ్ణి చీఫ్ మనుషులు పట్టుకున్నారు. శాస్త్రవేత్త సహాయకురాలు తల్లి కల్చర్‌ను మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు వాచి ఉన్నాయి.

"బతికే ఉన్నాయండీ. కానీ మళ్ళీ మొదట్నుంచీ పెంచుకు రావాలి. ఎంత రసాయనం, ఎప్పుడు వెయ్యాలో సార్‌కే తెలుసు. ఎనిమిది నెలలకు తక్కువ పట్టదు."

సాయంత్రం వార్డులో అక్క పక్కన కూర్చుని అంతా చెప్పాడు. ఆమె ఏమీ దాచనిచ్చే మనిషి కాదు. సెలైన్ గుచ్చిన చేత్తోనే అతని తల నిమిరింది.

"డాక్టరు నాకు మూడు నెలలే ఇచ్చాడురా. మిగతా అయిదూ ఎక్కణ్ణించైనా ఎత్తుకురా. నీ ఉద్యోగం అదేగా!"