నోగాల్ చెట్లకు చెప్పిన సంగతులు

ఆదివారం తెల్లవారితే బొగోటాలో పెద్ద రోడ్ల మీద కార్లు ఆపేస్తారు. మధ్యాహ్నం దాకా రోడ్డంతా సైకిళ్ళదీ, నడిచేవాళ్ళదీ. హెర్మెన్సియా వారమంతా ఆ రోజు కోసమే కాచుకుని ఉండేది. వేడి చాక్లెట్‌లో చీజ్ ముక్క వేసుకుని తాగి, వానకోటు చంకన పెట్టుకుని బయల్దేరేది. ఈ వారం ఒక పేట, పై వారం ఇంకో పేట. అక్కడి పార్కులన్నీ తిరిగి, కాళ్ళీడ్చుకుంటూ ఇల్లు చేరేది.

మొదట్లో కూతురు యోలిమా సంతోషించింది. మొగుడు పోయాక మంచం దిగని మనిషి ఊరు చూడ్డానికి వెళుతోందంటే అంతకన్నా ఏం కావాలి? కానీ పార్కు మాట వస్తే మాత్రం యోలిమా ఇంకేదో ఎత్తుకునేది. తండ్రి విషయంలో ఆమె ఒక అబద్ధం చెప్పింది. అది బయటపడితే అమ్మ ఇక తన మొహం చూడదని ఆమె భయం.

పోయిన వారం హెర్మెన్సియా కొండవాలు పేటలో మెట్ల మీద జారి మోకాలు వాచగొట్టుకుంది. ఆ వాపు తగ్గకముందే ఇవాళ మళ్ళీ బూట్లు తొడుగుతోంది. డాక్టరు వద్దన్నాడని, వాన వచ్చేలా ఉందని, దొంగలున్నారని యోలిమా అన్నీ ఏకరువు పెట్టింది. ఆవిడ వింటేగా. చివరికి కూతురు తలుపుకి అడ్డంగా నిలబడింది.

"వీధి చివర పార్కుంది కదమ్మా, అక్కడ కూర్చోరాదూ. ఊరి మీద పడి ఏం చూస్తున్నావు?"

"మీ నాన్న చెట్టు కోసం చూస్తున్నానే."

యోలిమా పై ప్రాణాలు పైనే పోయాయి. మహమ్మారి రోజుల్లో తండ్రి గిల్దార్దో పోయినప్పుడు హెర్మెన్సియా కూడా ఆసుపత్రిలోనే ఉంది. ఇంటికి రాగానే ఆయన బూడిద ఏదని అడిగింది. ఒక పార్కులో నోగాల్ అనే అక్రోటు జాతి చెట్టు మొదట్లో కలిపాననీ, ఆ ఏడుపులో ఏ పార్కో గుర్తులేదనీ యోలిమా చెప్పింది. కావాలనే ఆ చెట్టు పేరు చెప్పింది. నోగాల్ లేని పేట బొగోటాలో లేదు. ఇక ఎవరు వెతుకుతారులే అనుకుంది.

"ఏదో తెలీదుగా," అంది తల్లి. "అందుకే కనబడ్డ ప్రతి నోగాల్ దగ్గరా కాసేపు కూర్చుంటున్నా. బస్సు డ్యూటీ దిగి రాగానే ఇంటి సంగతులన్నీ చెప్పించుకునేవాడు కదా. నీ ఉద్యోగం, కప్పు కారడం, పక్కింటి కుక్క ఈనడం, అన్నీ చెబుతున్నా. ఏదో ఒకటి ఆయనదే అయ్యుంటుంది."

యోలిమా తలుపుకి జారగిలబడి నేల మీద కూలబడిపోయింది.

"అమ్మా, ఏ చెట్టూ లేదు."

వెక్కుతూ వెక్కుతూ చెప్పుకొచ్చింది. బూడిద తీసుకెళ్ళమని దహనవాటిక నుంచి కబురొచ్చింది. గడప దాటితే తనూ చస్తానని భయం. ఇవాళ, రేపు అంటూ నెట్టుకొచ్చింది. తీరా వెళ్ళేసరికి, ఎవరూ తీసుకెళ్ళనివాళ్ళ బూడిదంతా ఒకే గోతిలో కలిపేశామన్నారు.

హెర్మెన్సియా చేతిలోని బూటు తాడు వదిలేసింది. కూతురు చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది.

"అంతమందిలోనా," అంది. "మరి ఇన్ని ఆదివారాలూ నేనెవరితో మాట్లాడానే?"

అప్పుడు ఏడ్చింది. ఆసుపత్రిలో ఏడవలేదు, ఇంటికొచ్చాకా ఏడవలేదు. ఆ ఏడుపు చూసి యోలిమా గుండె చెరువైపోయింది. ఓదార్చడానికి తనకేం అర్హత ఉందని దూరంగానే కూర్చుంది.

కాసేపటికి తల్లి ముక్కు చీదుకుని, రెండో బూటు తాడు కట్టుకుంది. లేచి మొహం కడుక్కోమంది. ఇవాళ తను ఒక్కతే వెళ్ళదట. తను చెప్పాల్సినవన్నీ చెప్పేసిందట, కూతురే నాన్నతో ఒక్కసారీ మాట్లాడలేదట.

"అక్కడ నాన్న లేడు కదమ్మా."

"లేడులే. నడు."

కార్లు లేని రోడ్డు మీద తల్లి కుంటుతూ, కూతురి భుజం ఆసరాగా పట్టుకుని నడిచింది. ఎన్నడూ చూడని పేట, చిన్న పార్కు. మూలనున్న నోగాల్ కింద యోలిమా నిలబడింది. "నాన్నా" అంది. ఆపైన చెట్టు మొదట్లోనే చతికిలబడింది.

హెర్మెన్సియా మెల్లిగా గడ్డిలో కూర్చుని కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది.

"గిల్దార్దో, పిల్ల వచ్చిందయ్యా," అంది చెట్టు వైపు చూస్తూ. "అప్పుడు భయపడిందట. దాన్నేమీ అనకు."