రేవు మెట్ల మీద తొమ్మిది గీతలు

మంగళవారం ఉదయం ఏడుంపావుకి పార్కు గార్డు కొత్త బోర్డు స్క్రూలు విప్పి, దాన్ని గోడకి బోర్లా ఆనించింది. బోర్డు పెట్టి అప్పటికి ఒక్క రోజు కూడా కాలేదు.

నది ఒడ్డున పన్నెండు ఎకరాల ప్రభుత్వ పార్కు అది. నడకదారి, ఎనిమిది బల్లలు, అద్దెకిచ్చే ఆరు పడవలు, ఒక పాత రేవు. బోర్డు మీద ఉన్నది ఆ రేవు చరిత్ర. చివరి వాక్యం: 'ఇక్కడ పడవ 1962లో ఆగిపోయింది.'

తొమ్మిదింటికి బోర్డు రాసినవాడు బైకు దిగాడు. పర్యాటక శాఖలో చరిత్ర విభాగం అసిస్టెంట్.

"బోర్డు ఎవరు తీశారండీ?"

"నేనే. అబద్ధం చెబుతోందని కూర్చోబెట్టాను."

"మూడుసార్లు చెక్ చేశానండీ."

"మూడుసార్లూ తప్పే చేశారన్నమాట."

ఆ రేవులో ఆఖరి పడవవాడు ఆమె తాత. 67లో ఒకమ్మాయి ఆ పడవలో గొడుగు మరిచిపోయింది. మర్నాడు గొడుగు కోసం వచ్చింది. మూడోనాడు కావాలనే మరిచిపోయింది. ఆ అమ్మాయి ఇప్పుడు గార్డుకి అమ్మమ్మ. ఆదివారం బోర్డు ప్రారంభానికి వస్తోంది. కనబడిన ప్రతి బోర్డూ అక్షరం వదలకుండా చదివే మనిషి.

"62లోనే పడవ ఆగిపోతే మా అమ్మమ్మ ఎవర్ని చేసుకున్నట్టు?" అంది గార్డు.

అతను ఆమెని రేవు దగ్గరికి తీసుకెళ్లాడు. ఏటా వరద ఎంతవరకు వస్తే అక్కడ, మెట్టు అంచున, పడవవాడు ఉలితో గీత గీసి పక్కన ఆ సంవత్సరం చెక్కేవాడు.

"ప్రతి గీతా కొలిచాను. ఆఖరిది 62. ఆ తర్వాతి ప్రూఫ్ ఉంటే శుక్రవారం లోపల చూపించండి. లేదంటే ఇదే బోర్డు ఎక్కుతుంది."

"మెట్లు ఎన్ని లెక్కపెట్టారు?"

"పన్నెండు."

"పన్నెండో మెట్టు దగ్గర మెట్లు అయిపోలేదండీ, బురద మొదలైంది. పైన ఆనకట్ట కట్టిందెప్పుడు?"

అతను నది ఎగువకేసి చూశాడు. "62లో."

"ఆ తర్వాత వరద ఇంత పైకి ఎందుకొస్తుంది? గీతలు కిందికి దిగాయి. మీరు దిగలేదు."

అతను బైకెక్కి వెళ్లిపోయాడు. పదిన్నరకి రెండు పారలతో తిరిగొచ్చాడు.

ఎండాకాలం కావడంతో నీళ్లు దూరంగా ఉన్నాయి. బురద మాత్రం మోకాలి లోతు. బుధవారానికి ఒక మెట్టు బయటపడింది. దాని మీద ఏమీ లేదు.

"ఇంకా తవ్వుతారా?" అన్నాడతను.

"మీకు ఓపిక లేకపోతే గట్టున కూర్చుని చూడండి."

అతను కూర్చోలేదు. గురువారం పద్నాలుగో మెట్టు తేలింది. దాని మీదా ఏమీ లేదు. శుక్రవారం మధ్యాహ్నం పదిహేనో మెట్టు మీద ఆమె వేలికి ఒక గీత తగిలింది. 63. నాలుగింటికల్లా ఆ మెట్టు మీదే తొమ్మిది గీతలు లెక్కకొచ్చాయి. ఆఖరిది 71.

అతను టేపు పెట్టి అన్నీ కొలిచాడు.

"నాలుగు రోజులు ఇక్కడే ఉన్నారు. ఆఫీసులో అడగరా?"

"సెలవు పెట్టాను."

"కారణం ఏం రాశారు?"

"సొంత పని అని."

ఆమె చీపురు తీసుకుని, ఒకసారి ఊడ్చిన మెట్టునే మళ్లీ ఊడ్చింది.

ఆదివారం అమ్మమ్మ కొత్త బోర్డు రెండుసార్లు చదివింది. '1971' దగ్గర వేలు పెట్టి ఆగింది.

సోమవారం అతను వచ్చాడు. కొలిచే టేపు మరిచిపోయాడట. బుధవారం మళ్లీ వచ్చాడు. మళ్లీ టేపే.

గార్డు ఆ సంగతి ఇంట్లో చెప్పింది. అమ్మమ్మ ఫోను అడిగి తీసుకుని అతనికి చేసింది.

"బాబూ, నేను గొడుగు రెండుసార్లే మరిచిపోయాను. మూడోసారి ఈ పిల్ల తాతగారే మా ఇంటికొచ్చారు. ఆదివారం మీ అమ్మానాన్నల్ని తీసుకుని భోజనానికి రా. టేపు మా దగ్గరే ఉంటుంది."



"ఎన్నింటికి రమ్మంటారండీ?" అన్నాడతను.

ఆ ఏడు వరద ఆగస్టు పద్దెనిమిదిన పద్నాలుగో మెట్టు దాకా వచ్చింది. నీళ్లు తీశాక అక్కడ గీత చెక్కి, పక్కన సంవత్సరం వేశారు. ఉలి ఆమె పట్టుకుంది. సుత్తి అతను పట్టుకున్నాడు.