వానలో వరస

కలీసా మోటార్‌సైకిల్ ముందు భాగాన తన పెదనాన్న ఎన్నికల ఫోటో నవ్వుతూ కనిపించేసరికి కబసింగుజికి ఒళ్ళు మండిపోయింది.

"ఏంటిది అరాలి?"

అతని ముద్దుపేరు అది, ఆమెది అబ్వోలి. పాల క్యాన్లు దించుతున్నవాడు తలెత్తి నవ్వబోయి, ఆమె కళ్ళు చూసి ఆ నవ్వు మింగేశాడు.

"మీ పెదనాన్న. ఫోటోలో బాగా పడ్డాడు కదూ?"

"వేళాకోళాలొద్దు. చింపెయ్."

"చింపితే మన పెళ్ళే చిరుగుతుంది అబ్వోలి." గొంతు తగ్గించాడు. "నిన్న పిలిపించాడు. రేపు కుర్రాళ్ళని వెంటేసుకుని తన వరసలో నిలబడమన్నాడు. నిలబడితే ఆదివారం మా వాళ్ళని పెళ్ళి మాటలకి తీసుకురమ్మన్నాడు."

"నన్ను అడిగావా?"

"సంతోషిస్తావనుకున్నా."

"నన్ను చూపించి నీ ఓటు కొంటే నేను సంతోషించాలా? మా అక్కకి నొప్పులొస్తే ఈ బండి మీదేగా తీసుకెళ్ళావ్! ఆయన ఛైర్మన్‌గిరీలో ఆస్పత్రికి తాళం. తోటల్లోంచి పరిగెత్తుకొచ్చి రోడ్డు పక్కన కాన్పు చేసిందెవరు? పెదనాన్నా, నర్సమ్మా?"

కలీసా క్యాను మూత బిగించాడు. బిగిసిన మూతనే మళ్ళీ బిగించాడు.

"సరే, నువ్వు నిలబడతావా నర్సమ్మ వెనక? అంతమంది ముందు? నిన్ను పెంచినాయనకి ఎదురుగా?"

ఆమె గిరుక్కున తిరిగి, టీ తోటల మధ్య దారిలో ఇంటికి నడిచింది.

తండ్రి పోయాక ఆమెనీ అక్కనీ తన ఇంటికి తెచ్చుకున్నది ర్వకైకర పెదనాన్నే. తన పిల్లలతో సమానంగా చదివించాడు. ఆ చుట్టుపక్కల ఊళ్ళకి ఎన్నో ఏళ్ళుగా ఆయనే ఛైర్మన్. పార్టీ టికెట్ కోసం ఆయన మీద పోటీకి దిగే ధైర్యం చేసింది ఒక్క కెంగోంజి నర్సమ్మే. టికెట్ దొరికితే చాలు, అసలు ఎన్నిక గెలిచినట్టే. ఆ సీమలో వేరే పార్టీకి దిక్కులేదు.

మర్నాడు బడి మైదానం నిండిపోయింది. టికెట్ ఎన్నికకి పెట్టె ఉండదు, కాగితం ఉండదు. అభ్యర్థి ఫోటో పట్టుకున్న మనిషి వెనక వరసగా నిలబడాలి. అధికారి వచ్చి తలలు లెక్కపెడతాడు. ఎవరు ఎవరి మనిషో ఊరంతా కళ్ళారా చూస్తుంది.

పెదనాన్న వరస గేటు దాకా సాగింది. అందులో కలీసా, అతని వెనక పాలబళ్ళ కుర్రాళ్ళు. నర్సమ్మ వరసలో ఎక్కువమంది ఆడవాళ్ళే, చంకల్లో పిల్లలతో.

"ఇటు రావే అబ్వోలి, నా ముందు చోటుంది!" పెద్దమ్మ చెయ్యి ఊపింది.

కబసింగుజి ఆగి చూసింది. పెదనాన్న చెట్టు కింద కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. ఆ చూపులో కోపం లేదు, తన పిల్ల తన వైపే వస్తుందన్న ధీమా ఉంది. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

తల వంచుకుని నర్సమ్మ వరస చివరికి నడిచింది.

పెద్దమ్మ ఎత్తిన చెయ్యి దించడం మరిచిపోయింది. "పెంచిన చేతినే కరిచింది" అని ఎవరో గట్టిగానే అన్నారు. పెదనాన్న కుర్చీలో కాస్త వెనక్కి జారాడు, అంతే.

కలీసా తననే చూస్తున్నాడని తెలిసినా ఆమె అటు తిరగలేదు.

అప్పుడే కొండల మీద నుంచి మబ్బు దిగింది. మొదట రెండు చినుకులు, తర్వాత కుండపోత. అధికారి గొడుగు కింద నుంచి అరిచాడు: "లెక్క మొదలెడుతున్నా! వరసలో లేనివాళ్ళు లెక్కలో లేనట్టే!"

పెదనాన్న వరసలో కలకలం రేగింది. నిన్నటిదాకా ఆయనకి జేజేలు కొట్టినవాళ్ళు ఒక్కొక్కరే బడి వరండాలోకి పరుగుతీశారు. వాళ్ళతోపాటు కలీసా కూడా కదిలాడు. కానీ వరండా వైపు కాదు.

"అరాలి!" పెదనాన్న లేచి నిలబడ్డాడు. "ఎక్కడికి? ఆదివారం సంగతి గుర్తుందా?"

"గుర్తుందయ్యా." కలీసా వెనక్కి తిరిగి అన్నాడు. "వద్దంటే రాను."

బురదలో జారుతూ వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు.

ఆమె వెనక్కి తిరగకుండానే అంది. "నాకోసమైతే వెనక్కి పో."

"నీకోసమే అటు వెళ్ళాను. ఇటు నాకోసం వచ్చాను. ఆ రోజు రోడ్డు పక్కన లాంతరు పట్టుకున్నది నేనే కదా. మర్చిపోదామంటే కావట్లేదు."

ఇప్పుడు తిరిగింది. వాన నీళ్ళు అతని కనురెప్పల మీదుగా కారుతున్నాయి. భయంతో పెదవులు పాలిపోయాయి. ఇంత అందంగా ఎప్పుడూ కనిపించలేదు వెధవ.

"తిరగకండి ఇద్దరూ!" అధికారి కసిరి, ఇద్దరి భుజాలూ తట్టి లెక్కపెట్టుకుంటూ ముందుకి పోయాడు.

పెదనాన్న ఓడిపోయాడు, కొద్ది తేడాతోనే.

ఆ తర్వాత ఇంట్లో ఆయన ఆమెతో మాట్లాడలేదు. టీ పెట్టి ఇస్తే తాగేవాడు, కప్పు పక్కన పెట్టి లేచిపోయేవాడు. ఇంతకంటే తిడితే బాగుండును అనిపించేది ఆమెకి.

ఆదివారం వాకిట్లో మోటార్‌సైకిల్ ఆగింది. కలీసా, వెనక అతని మేనమామ. రమ్మని ఎవరూ పిలవలేదు. కబసింగుజి తలుపు చాటున నిలబడింది.

"ఎందుకొచ్చావ్?" పెదనాన్న కుర్చీలోంచి కదల్లేదు.

"వద్దని చెప్పించుకోడానికయ్యా. మీ నోటితోనే."

మేనమామ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"నా పేరు చెప్పుకుని తిరిగినవాళ్ళు," అన్నాడు పెదనాన్న చివరికి, "నాలుగు చినుకులకే పారిపోయారు. వరండాలోంచి నాకు చేతులూపారు కూడా. మీరిద్దరూ తడుస్తూ నిలబడ్డారు. నాకు ఎదురుగానే నిలబడ్డారు, ఆ బాధ పోదు. పోనివ్వను కూడా." ఆగి, లోపలికి చూశాడు. "కానీ ఈ పిల్లని ఎవరి చేతిలోనో పెట్టాలి కదా. వానకి పారిపోయేవాడి చేతిలో పెట్టలేను."

తలుపు చాటున ఏడుపు వినిపించింది.

"ఏడుపు తర్వాత! అబ్వోలి, కుర్చీలు తీసుకురా. నీ అత్తింటివాళ్ళని ఎంతసేపు నిలబెడతావ్?"