లైట్లమ్మాయి రాసిన స్క్రిప్టు

“ముదురు నీలం అడిగితే ఈ బూడిద రంగేమిటండీ? హీరోయిన్ ప్రేమలో పడాలా, జ్వరాన పడాలా?”

నాటకశాల వెనక గదిలో ప్రోగ్రామర్ ఉలిక్కిపడ్డాడు. అడుగుతున్నది లైట్లమ్మాయి. స్టేజీ లైట్లన్నిటినీ నడిపే ప్రోగ్రాం అతను రాసిందే.

“మారుస్తాను. నలభై నిమిషాలు ఆగండి.”

“రంగు మార్చడానికా? గోడకి సున్నం వేస్తున్నారా?”

“కోడ్‌లో ఒక్క అంకె మార్చినా ప్రోగ్రామంతా మళ్లీ కంపైల్ చెయ్యాలండీ, అంటే మొదటినుంచీ యంత్రభాషలోకి మార్చాలి.”

“అయితే మీరూ, మీ కంపైలరూ కాపురం చేసుకోండి!” విసవిసా వెళ్లిపోయింది.

ఆ మాట సూటిగా తగిలింది. వెళ్లిన తీరు ఇంకాస్త లోతుగా తగిలింది. రెండు రోజులు కుర్చీ వదలకుండా, గడ్డమైనా గీసుకోకుండా, ప్రోగ్రాం లోపలే చిన్న స్క్రిప్ట్ ఇంజిన్ అమర్చాడు. ఇక ఏ లైటు ఎప్పుడు వెలగాలో ఆమె ఒక ఫైల్లో స్క్రిప్ట్‌గా రాసుకుంటే చాలు. నడుస్తున్న ప్రోగ్రామే దాన్ని చదివి అమలు చేస్తుంది. కంపైల్ గొడవే లేదు.

ఆమె మూడు రోజుల్లో నేర్చేసుకుంది. నాలుగో రోజు రిహార్సల్‌కి మెరుపులు మెరిపించే స్క్రిప్ట్ రాసి, ఎప్పుడు ఆపాలో రాయడం మరిచిపోయింది.

మెరుపు మొదలైంది. మరి ఆగలేదు. ఏ మీట నొక్కినా ప్రోగ్రాం ఉలకదు, పలకదు. కళ్లు బైర్లు కమ్మిన హీరో, హీరోయిన్ అనుకుని ఆమె తండ్రి వేషం వేసినాయన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు.

“ఎవరిదీ నిర్వాకం?” మెయిన్ స్విచ్ ఆపించి డైరెక్టర్ గర్జించాడు.

లైట్లమ్మాయి మొహం పాలిపోయింది. ప్రోగ్రామర్ లేచి నిలబడ్డాడు. “నాదేనండీ.”

“రేపే ప్రదర్శన! మళ్లీ ఇలాగైతే నువ్వూ వద్దు, నీ ప్రోగ్రామూ వద్దు.”

డైరెక్టర్ అటు వెళ్లగానే ఆమె విరుచుకుపడింది. “నా తప్పు మీరెందుకు నెత్తినేసుకున్నారు? త్యాగమా?”

“కాదండీ. ఒక్క స్క్రిప్ట్ ఇరుక్కుంటే ప్రోగ్రామంతా బిగుసుకుపోయేలా రాసింది నేనే. ప్రతి స్క్రిప్ట్‌కీ ఓ గడువు పెట్టి, దాటితే గెంటెయ్యాలి. ఆ మాత్రం తట్టలేదు.”

“ఎందుకు తట్టలేదు?”

“తొందరగా పూర్తిచేసి మీకు చూపించాలన్న ధ్యాసలో ఇంకేం తడుతుంది?”

నోరు జారాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. ఆమె మొదటిసారి తిట్టకుండా వెళ్లిపోయింది.

మర్నాడు ప్రదర్శన మధ్యలో ఒక స్క్రిప్ట్ మొండికేసింది. రాత్రికి రాత్రే అతను పెట్టిన గడువు ప్రకారం ప్రోగ్రాం దాన్ని అర సెకనులో గెంటేసి తన పని తాను చేసుకుపోయింది. ప్రేక్షకులెవరూ పసిగట్టనే లేదు.

తెర పడ్డాక, నాటకం చూడ్డానికొచ్చిన లైట్లమ్మాయి తల్లి కూతురి వెనకే గదిలోకి వచ్చింది. అతన్ని ఎగాదిగా చూసింది.

“మా అమ్మాయి రోజూ అన్నం తింటూ తిట్టేది నిన్నేనా బాబూ?”

“నన్నేనండీ.”

“నిన్న మాత్రం తిట్టలేదు. అన్నమూ తినలేదు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. ఆదివారం భోజనానికి రా.”

“అమ్మా!”

“ఎన్నింటికి రమ్మంటారు?” అని అతను అడిగింది మాత్రం తల్లిని కాదు.

“పన్నెండుకి,” అంది ఆమె, నేల చూపులు చూస్తూ. “ఆ గడ్డం గీసుకుని రండి.”