రెండో ఐగెన్‌వాల్యూ సున్నా

ఉదయం ఏడూ పదికి రేణిగుంట జంక్షన్ రెండో ప్లాట్‌ఫామ్ మీద టీ తాగుతున్న కాశింవలి ఉన్నచోటనే కుప్పకూలాడు. సైలెన్సర్ పిస్టల్. చప్పుడు ఎవరికీ వినపడలేదు. ఏజెంట్ భానుచందర్ పరుగెత్తుకొచ్చేసరికి తన ఇన్‌ఫార్మర్‌లో రెండు మాటల ఊపిరే మిగిలింది.

"పదిన్నర ఫ్లైటు... సైంటిస్టు."

రాడార్ శాస్త్రవేత్త బాలసుబ్రమణ్యం ఆ ఫ్లైట్లో రేణిగుంట ఎయిర్‌పోర్టులో దిగుతున్నాడు. విదేశీ ముఠా గురి ఆయన మీదే అన్నమాట. ముఠా ఫోన్ నంబర్లు నలభై ఒకటి కాశింవలి ముందురోజే అందించాడు. అవి ఏర్పేడు ఆఫీసులో అనలిస్టు లోహిత దగ్గరున్నాయి.

భానుచందర్ ఏర్పేడు వెళ్ళే దారిలోనే పల్లవికి ఫోన్ చేసి, సైంటిస్టును రిసీవ్ చేసుకొమ్మన్నాడు. ఆమె ఆరేళ్ళుగా డ్యూటీలో అతని పార్ట్‌నర్. ఈ పని ముగిశాక పెళ్ళి మాట ఎత్తాలని అతని మనసులో ఉంది.

లోహిత స్క్రీన్ మీద ప్రతి ఫోనూ ఒక చుక్క, రెండు ఫోన్ల మధ్య నడిచిన ప్రతి కాల్‌కూ ఒక గీత. ఆ వలను మ్యాట్రిక్స్‌గా మార్చి ఐగెన్‌వాల్యూలు (వల అల్లిక ఎలాంటిదో చెప్పే అంకెలు) తీస్తే, అన్నిటికన్నా చిన్నది ఎప్పుడూ సున్నానే; దాని తర్వాతది, రెండోది, వల ఎంత పలచగా అతుక్కుని ఉందో చెబుతుంది. అదీ సున్నా అయితే వల రెండు ముక్కలైనట్టే. దాని వెక్టర్‌లో , అంటే ఒక్కో ఫోనుకు ఒక్కో అంకె వచ్చే వరుసలో, ప్లస్ వచ్చినవాళ్ళు ఒక గుంపు, మైనస్ వచ్చినవాళ్ళు ఇంకో గుంపు. సున్నాకు దగ్గరగా వచ్చినవాడు రెంటికీ వంతెన.

"రెండోది కూడా సున్నానే వస్తా ఉండాది సార్," అంది లోహిత. "తిరుపతి లాడ్జీల్లో నిఘా గుంపు, రేణిగుంట గోడౌన్లలో తుపాకుల గుంపు. నడుమ ఒక్క గీత లేదు."

"మరి రెండు గుంపులూ ఒకే నిమిషంలో ఎట్ల కదులుతా ఉండారు?"

"మనం తీసేసిన చుక్క ఏదో ఉండాది."

మారువేషాల్లో ఏజెంట్లు ముఠావాళ్ళతో మాట్లాడుతుంటారు కనుక, లెక్క చెడకుండా సొంత మనుషుల నంబర్లు ముందే తీసేయడం ఆ ఆఫీసు ఆచారం.  భానుచందర్ వాటిని తిరిగి పెట్టమన్నాడు.

రెండో విలువ సున్నా మీంచి కొద్దిగా లేచింది. రెండు గుంపుల మధ్య ఒంటరిగా ఒక చుక్క వెలిగింది.  స్క్రీన్‌ను లోహిత అతని వైపు తిప్పింది. ఆ నంబరును తీసేసే జాబితాలో చేర్చమని సంతకం పెట్టింది భానుచందరే.

పదీ నలభై. ఎయిర్‌పోర్టు అరైవల్స్. పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు, చేతిలో సైంటిస్టు పేరున్న బోర్డుతో పల్లవి. బయట వ్యాన్‌లో ఉన్న ముఠావాళ్ళకు సైంటిస్టు మొహం తెలియదు. గుర్తు చెప్పాల్సింది ఆమే. 'నీలం కోటు' అని టైప్ చేసిన మెసేజి మీద ఆమె బొటనవేలు వాలబోయింది.

భానుచందర్ వెనకనుంచి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఫోన్ అతని చేతిలోకి వచ్చేసింది.

"ఎట్ల తెలిసింది?" తల తిప్పకుండానే అడిగింది.

"నిన్ను తీసేస్తే లెక్క సున్నా అయింది. నా బతుకు మాదిరి."

"నువ్వు నమ్మినావు భానూ. నమ్మమని నేను అడగలేదే."

బోర్డు చాటున ఆమె చేతులకు సంకెళ్ళు పడ్డాయి. గుర్తు కోసం కాచుకున్న వ్యాన్‌ను పోలీసులు చుట్టుముట్టారు.

నీలం కోటు వేసుకున్న బాలసుబ్రమణ్యం ట్రాలీ తోసుకుంటూ వచ్చాడు. చుట్టూ చూసి, తన కోసం ఒకమ్మాయి వస్తుందన్నారే అని అడిగాడు.

"వచ్చింది సార్," అన్నాడు భానుచందర్ ట్రాలీ అందుకుంటూ. "ఆరేళ్ళు తప్పు బోర్డు పట్టుకుని నిలబడింది."