విరహమా, నడుము నొప్పా?

“విరహం,” అన్నాడు టిల్మన్.

“నడుము నొప్పి,” అంది హెన్రికె.

డ్రెస్డెన్‌లోని ఆ చిన్న మ్యూజియంలో పాత బొమ్మల కింద వివరం రాసేది టిల్మన్. చిరిగిన కాగితాలు బాగుచేసేది హెన్రికె. ఇద్దరూ సంతకం పెడితే తప్ప ఏ చీటీ అచ్చుకు వెళ్ళదు. ప్రెస్ వాళ్ళు నాలుగింటికల్లా కావాలన్నారు. మూడున్నర ఎప్పుడో దాటింది.

బల్ల మీద 1820ల్లో ఎవరో పెన్సిల్‌తో గీసిన అమ్మాయి. కుర్చీలో కూర్చుంది, చూపు కిందికి వాలింది. కుడిచెయ్యి మాత్రం పైకి లేచి గాలిలో ఉంది.

“ఆ చెయ్యి చూడండి. అందని మనిషి కోసం చాచింది.”

“మీకు అందరూ అందని మనుషులే! పోయినవారం చాకలామె బొమ్మలోనూ విరహమే అన్నారు. పాపం, ఆవిడ బట్టలు పిండుకుంటోంది.”

హెన్రికె విసుగు ఈ ఒక్క బొమ్మది కాదు, మూడేళ్ళది. హాంబర్గ్‌లో ఉద్యోగం వచ్చింది. వస్తానో రానో ఈ సాయంత్రం ఐదింటికల్లా చెప్పాలి. సోమవారం ఆ సంగతి చెబితే ఈ మహానుభావుడు ఏమన్నాడు? “అక్కడ చేపలు బాగుంటాయి” అన్నాడు. రెండొందల ఏళ్ళ కిందటి గీతలో దుఃఖం వెతికే మనిషికి, రోజూ ఎదురుగా కాఫీ తాగే మనిషి మొహం చదవడం రాదు. ఉండిపొమ్మని ఒక్కమాట అంటే ఉండిపోయేది. తానే నోరు తెరుద్దామంటే అభిమానం అడ్డొచ్చింది.

దీపం వంచి, భూతద్దం అతని చేతిలో పెట్టింది. “ఆ వేళ్ళ పైన చూడండి.”

సన్నటి గీత, చెరిపేసిన జాడ.

“తాడు! గంటలకొద్దీ చెయ్యెత్తి ఉంచాలంటే మోడల్‌కి పట్టుకోడానికి పైనుంచి తాడు కట్టేవాళ్ళు. బొమ్మ అయ్యాక గీసినవాడు, అప్పట్లో రబ్బరు బదులు వాడే రొట్టెముద్దతో రుద్ది దాన్ని చెరిపేశాడు. చెయ్యి మిగిలింది. మీరొచ్చి విరహం అంటున్నారు.”

టిల్మన్ మొహం వాడింది. ఒప్పుకుంటేగా! “చేతికి తాడుంది సరే. మొహానికి లేదుగా?”

హెన్రికెకి తలప్రాణం తోకకొచ్చింది. “ఆ అమ్మాయిలాగే కూర్చోండి. ఆ కిటికీ తెర తాడు పట్టుకోండి. పది నిమిషాలు కదలొద్దు. ముఖ్యంగా, మాట్లాడొద్దు.”

కూర్చున్నాడు. రెండు నిమిషాలకి చెవులు ఎర్రబడ్డాయి. ఐదో నిమిషానికి మోచెయ్యి వణికింది. బయట వాన అందుకుంది. అతని చూపు మెల్లగా కిందికి వాలింది, అచ్చం ఆ అమ్మాయి చూపులాగే. గెలిచినందుకు హెన్రికెకి నవ్వు రావాలి. రాలేదు.

“ఇప్పుడు చెప్పండి. మీ మొహంలో ఏముంది?”

“చెయ్యి లాగేస్తోంది.”

“అదీ! అదే రాయండి, సంతకం పెడతాను.”

“లాగేస్తోంది. కానీ నేను చెయ్యి గురించి ఆలోచించడం లేదు. ఐదింటి గురించి ఆలోచిస్తున్నాను. మీరంటే నాకిష్టం హెన్రికె. సోమవారమే చెప్పాల్సింది. చేపల గురించి వాగాను.”

“ఇంతమాట చెప్పడానికి మిమ్మల్ని తాడుకి వేలాడదీయాలా, మనిషీ!” కోపం, సంతోషం ఒకేసారి ముంచుకొచ్చాయి ఆమెకి.

అతను బొమ్మవైపు చూశాడు. “నాకు విరహం, మీకు నడుము నొప్పి. ఈ అమ్మాయి మనసులో ఏముందో ఇద్దరం తేల్చేశాం. గీసినవాడైనా అడిగాడో లేదో. నేను మిమ్మల్ని అడగాలి. మీకు వెళ్ళాలని ఉందా?”

మూడేళ్ళలో అతను అడిగిన మొదటి ప్రశ్న అది. ఇన్నాళ్ళూ అన్నీ వ్యాఖ్యానాలే.

“లేదు,” అంది.

చీటీ మీద అతను రాసిందంతా కొట్టేసి, ‘కూర్చున్న యువతి, పెన్సిల్’ అని రాసి సంతకం పెట్టింది. ఫోన్ తీసి హాంబర్గ్ నంబరు నొక్కుతూ తలెత్తింది. అతను ఇంకా తాడు పట్టుకునే కూర్చున్నాడు.

“చెయ్యి దించు, మొద్దూ!”