పుట్టిల్లు ఎమ్మిగనూరు

ఆదివారం తెల్లవారుతుండగా ఇందిరాబాయి స్నానాల గదిలో గడియ పెట్టుకుని ఎడమ రొమ్ము కింద వేళ్ళతో తడిమి చూసుకుంది. అది అక్కడే ఉంది. ఉగాదినాడు మొదటిసారి తగిలినప్పుడు చింతగింజంత ఉండేది. ఇప్పుడు శ్రావణం. రేగుపండంత అయింది. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి ఇది ఆ జబ్బు కాదనుకుంది. ఆ వెంటనే రోజూ అనుకునే రెండో మాటా అనుకుంది: తాను ఆదోనిలో ఒక్క పూట కూడా కాపురం చెయ్యలేదు, ఆ జబ్బు ఆదోనిది.

ఈ నమ్మకం ఆమెకు పన్నెండేళ్ళుగా ఉంది. ఎమ్మిగనూరులోని ఈ ఇంటి నుంచి ముగ్గురు ఆడపిల్లల్ని ఆదోనిలో ఒకే వీధికి ఇచ్చారు. మొదట మేనత్త తుంగాబాయి. తర్వాత చిన్నాన్న కూతురు జయాబాయి. ఆఖరున ఇందిరాబాయి సొంత అక్క కృష్ణాబాయి, తుంగాబాయి కొడుకు సేతుమాధవరావుకే మేనరికం. ముగ్గురూ రొమ్ములో గడ్డ లేచి పోయారు. ఇందిరాబాయి ఇంకెవరినీ అడగకుండా తేల్చేసింది. ఆ వీధి బావి నీళ్ళు ఉప్పన, ఆ నీళ్ళలో ఏదో ఉంది. అక్క పదోరోజుకు వెళ్ళినప్పుడు ఇక్కడి నుంచి మరచెంబులో నీళ్ళు తీసుకుపోయి, బావ ఇంట్లో గ్లాసు ముట్టుకోలేదు. చుట్టాలంతా చూశారు. వాళ్ళు చూడాలనే ఆమె అలా చేసింది.

"ఎమ్మిగనూరులో ఈ జబ్బుతో పోయిన మనింటి ఆడదాన్ని ఒక్కదాన్ని చూపించండి" అనేది ఎవరైనా ఎదురు చెప్తే. ఎవరూ చూపించలేకపోయేవాళ్ళు. నిజంగానే ఒక్కరూ లేరు.

ఆమెకు పదిహేడో ఏట పెళ్ళయింది, పంతొమ్మిదో ఏట భర్త పోయాడు. తిరిగి వచ్చి అన్న భీమసేనరావు ఇంట్లో ఉండిపోయింది. ఆయన ఇక్కడే హైస్కూల్లో లెక్కల మాస్టరు. వదిన జ్వరంతో పోయేనాటికి వారిజకు నాలుగేళ్ళు. అప్పటినుంచి ఆ పిల్లకు జడ వేసిందీ, జ్వరం వస్తే ఒళ్ళో పెట్టుకున్నదీ ఈ మేనత్తే. ఇప్పుడు వారిజకు ఇరవయ్యొకటి. బీఏ పూర్తయింది. కృష్ణాబాయి కొడుకు గురురాజను తప్ప ఎవరినీ చేసుకోనంటోంది. వరసకు బావే, కుర్రాడు బ్యాంకులో ఉన్నాడు, భీమసేనరావుకు అభ్యంతరం లేదు. అడ్డంగా నిలబడింది ఇందిరాబాయి ఒక్కతే. ఈ పూట గురురాజ తండ్రి సేతుమాధవరావు వస్తున్నానని కార్డు రాశాడు. పిల్లనడగడానికి కాక ఇంకెందుకు వస్తాడు?

వంటింట్లో ఫలహారానికి ఉగ్గాని చేద్దామని తడిపిన బొరుగులు పిండుతూ వారిజ మెల్లగా మొదలుపెట్టింది.

"ఆదోనిలో అంత జనం ఉండారు గదా అత్తా. వాళ్ళందరూ ఆ నీళ్ళు తాగే బతుకుతాండారు."

"బతికేవాళ్ళతో నాకేం పని. మనోళ్ళు బతకలేదు."

"అయితే రోజూ పొద్దున బస్సుకు ఒక బిందె నీళ్ళు పంపియ్యి. కండక్టరుకు చెప్తే దించిపోతాడు. బిందెకు ఒక టికెట్టు, మూతకు అర టికెట్టు."

ఇందిరాబాయికి నవ్వు వచ్చింది. మేనకోడలు తనను నవ్వించి పని జరిపించుకోవడం చిన్నప్పటినుంచీ నేర్చింది. ఆ సంగతి గుర్తొచ్చి నవ్వు చేదైపోయింది. "నీకు కొరివి పెట్టించడానికి పెంచలేదు నేను" అంది. వారిజ పిండిన బొరుగుల్నే మళ్ళీ పిండుతూ కూర్చుంది.

తొమ్మిదిన్నరకు సేతుమాధవరావు వచ్చాడు. యాభై ఆరేళ్ళవాడు, పత్తి కంపెనీలో గుమాస్తాగా చేసి చేసి వీపు కొంచెం వంగింది. చెప్పులు గుమ్మం బయట విడిచి, కాళ్ళు కడుక్కుని, చాప మీద కూర్చున్నాడు. పెట్టిన కాఫీ ముట్టలేదు. భీమసేనరావు వానల గురించీ, కాలవ నీళ్ళ గురించీ, పత్తి ధర గురించీ అడిగాడు. అన్నిటికీ ఆయన ఒక్కో మాటతో జవాబు చెప్పాడు.

ఇందిరాబాయి వంటింటి గడప దగ్గర నిలబడి, వారం రోజులుగా లోపల కూడబెట్టుకున్నది బయట పెట్టింది.

"బావా, నువ్వెందుకు వచ్చినావో నాకు తెలుసు. పిల్లనియ్యము. మా ఇంటి ఆడోళ్ళు ముగ్గురు మీ వీధి నుంచి కాటికి పోయినారు. నాలుగోది పోదు."

సేతుమాధవరావు తల ఎత్తి ఆమెను చూశాడు. ఆయన ముఖంలో కోపం లేదు, అదే ఆమెకు వింతగా అనిపించింది.

"నేను అడగడానికి రాలేదు ఇందిరా. వద్దని చెప్పిపోదామని వచ్చినా."

భీమసేనరావు కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. తాను విసిరిన రాయి తన మీదికే తిరిగి వచ్చినట్టయింది ఇందిరాబాయికి. వద్దనడం తన హక్కు అనుకుంది ఇన్నాళ్ళూ. తన ఇంటి పిల్లను ఆదోనివాళ్ళు వద్దనడమేమిటి?

ఆయన తొందరపడకుండా చెప్పుకొచ్చాడు. రెండు నెలల కిందట బళ్ళారి నుంచి ఒక డాక్టరమ్మ వచ్చిందట. ఈ జబ్బు ఏ ఊళ్ళో ఆడవాళ్ళకు ఎంతమందికి వచ్చిందో, ఒక ఊళ్ళో ఎక్కువా ఒక ఊళ్ళో తక్కువా ఎందుకుందో రాసుకుంటూ ఇల్లిల్లూ తిరిగిందట. తమ వీధి పేరు ఆమె కాగితంలో ముందే ఉంది. అంత చిన్న వీధిలో ముగ్గురు. ఎమ్మిగనూరులో మనవాళ్ళ ఇళ్ళలో ఎవరూ లేరు. ఆమె కూడా మొదట నీళ్ళే అడిగింది. నూనె, తిండి, కాన్పులు, పిల్లలకు ఎన్నేళ్ళు పాలిచ్చారు, అన్నీ అడిగింది. వెళ్ళబోతూ గుమ్మంలో నిలబడి, ఎవరూ అడగనిది ఇంకొకటి అడిగింది.

"ముగ్గురి పుట్టిల్లు యాడని అడిగింది. మా అమ్మది ఎమ్మిగనూరన్నా. జయమ్మది ఎమ్మిగనూరన్నా. కృష్ణది ఎమ్మిగనూరన్నా. ఏ ఇల్లని అడిగింది. ఒకే ఇల్లమ్మా అన్నా. ఆమె మళ్ళీ వచ్చి కూర్చున్నది." ఆయన కాఫీ గ్లాసు పక్కకు జరిపాడు. "మీ ఇంట్లో పుట్టినోళ్ళను పెండ్లిచేసి బయటికి పంపిస్తిరి. వాళ్ళు చచ్చేది మా ఊళ్ళో. రాసేదీ మా ఊరి కింద. మీ ఊరు శుభ్రంగా మిగిలింది."

భీమసేనరావు గొంతు పెరిగింది. తమ రక్తంలో దోషముందంటావా అని అడిగాడు. అది తన మాట కాదన్నాడు సేతుమాధవరావు. కొన్ని ఇళ్ళల్లో ఇది ఆడపిల్లలకు దిగివస్తుందనీ, తల్లి వైపు నుంచే కాదు తండ్రి వైపు నుంచీ రావచ్చనీ, అందరికీ వస్తుందని లేదనీ డాక్టరమ్మ చెప్పిందన్నాడు. తన కొడుకు తల్లి అట్లా పోయింది, నాయనమ్మ అట్లా పోయింది. మళ్ళీ అదే ఇంటి పిల్లను తెస్తే రేపు పుట్టే మనవరాలికి రెండు వైపులా ఏం రాసిపెట్టినట్టని అడిగాడు. అడిగింది భీమసేనరావునే అయినా చూపు మాత్రం నేల మీదే ఉంది.

వారిజ ఎప్పుడు వచ్చి గోడకు ఆనుకుందో ఎవరూ చూడలేదు.

"గురురాజకు తెలుసా మామా?"

"తెలుసు తల్లీ. పదిరోజులాయె, నాతో మాట్లాడడు."

ఆ పిల్ల ముఖం చూడగానే ఇందిరాబాయిలో ఏదో తెగింది. చేతికి అందిన పాత ఆయుధాన్నే తీసింది. అక్కకు వైద్యం చేయించకుండా ఆరు నెలలు ఇంట్లో కుళ్ళబెట్టింది నువ్వు, ఇప్పుడు మా పుట్టింటి మీద తోస్తున్నావు, డాక్టరమ్మను అడ్డం పెట్టుకుని చేతులు కడుక్కుంటున్నావు అని ఊపిరి తీసుకోకుండా అంది. అంటుంటే తన గొంతు తనకే ఎవరిదో అనిపించింది.

సేతుమాధవరావు అంతా విన్నాడు. తర్వాత చాలా మెల్లగా అన్నాడు.

"నాకు చెప్పలేదు ఇందిరా. రైకకు మరక పడితే తెల్లారకముందే తానే ఉతుక్కునేది. ఏమంటే సెగగడ్డ అనేది. వాసన వచ్చినాక తెలిసింది నాకు. బళ్ళారికి ఎత్తుకపోతే, ఆరు నెలల ముందు యాడికి పోయినారని అడిగినారు. పన్నెండేండ్లు నువ్వు నన్ను హంతకుణ్ణి చూసినట్టు చూసినావు. పడినాను. ఎందుకంటే నేనూ అట్లే అనుకున్నా. మొగుణ్ణి, కనిపెట్టలేకపోయినానే అని. ఒక్కరికన్నా చెప్పింటే బతికేదేమో."

ఆయన లేచాడు. పదకొండు గంటల బస్సు అందుకోవాలన్నాడు.

కృష్ణ ఒక్కరికి చెప్పింది. ఆ సంగతి ఈ గదిలో ఇందిరాబాయికి మాత్రమే తెలుసు.

ఆ ఏడు ఆరాధనకు మంత్రాలయం వెళ్ళివస్తూ కృష్ణ ఇక్కడ రెండు రోజులు ఆగింది. సామాన్ల గదిలో బియ్యం చెరుగుతుండగా తలుపు దగ్గరికి వేసి, చెల్లెలి చెయ్యి తీసుకుని గడ్డ మీద పెట్టింది. అప్పుడది గట్టిగా, చిన్నగా ఉంది. ఇందిరాబాయి భయపడింది. కానీ ఆ భయం అక్క కోసం కాదు. బయట ఎనిమిదేళ్ళ వారిజ తాడాట ఆడుతోంది. అత్తకు వచ్చింది, జయకు వచ్చింది, నీకూ వచ్చిందంటే ఈ ఇంటి పిల్లను రేపు ఎవరు చేసుకుంటారని అడిగింది అక్కను. ఎవరికీ చెప్పొద్దని, అదే కరుగుతుందని, పసుపూ వేపాకూ నూరి కట్టుకోమని చెప్పింది.

అంటే ఆ రోజు ఆమె నోట వచ్చింది 'ఈ ఇంటి పిల్ల' అనే మాటే. బావి మాట రాలేదు. బావి తర్వాత వచ్చింది, అక్క పోయిన తర్వాత. దేన్నో ఒకదాన్ని నిందించకపోతే తనకు నిద్ర పట్టని రోజుల్లో వచ్చింది. నిందించి నిందించి చివరికి నమ్మింది. ఎంతగా నమ్మిందంటే, తన ఒంట్లో గడ్డ తగిలినా బావినే నమ్మి ఐదు నెలలు ఊరుకుంది.

సేతుమాధవరావు ఒక చెప్పు తొడిగి రెండోది వెతుక్కుంటున్నాడు.

"బావా, ఆగు. అక్క ఒకరికి చెప్పింది. నాకు చెప్పింది."

ఆయన వంగినవాడు వంగినట్టే ఉన్నాడు.

"ఇంకా చిన్నదిగా ఉన్నప్పుడే చెప్పింది. నేనే దాచమన్నా. వారిజకు సంబంధాలు రావని దాచమన్నా."

భీమసేనరావు చెల్లెలి వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. గుమ్మం అవతల నుంచి సేతుమాధవరావు అడిగాడు.

"నువ్వు దాచమంటే ఆమె ఏమన్నది?"

"సరే అన్నది."

ఆయన గోడ పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. వీధిలో ఎవరో ఆయన్ను పలకరించి పోయారు. ఆయన వినలేదు. తిడతాడని ఇందిరాబాయి ఎదురుచూసింది. తిట్టి ఉంటే కొంత తేలికయ్యేది. ఆ తేలిక కూడా ఆయన ఆమెకు ఇవ్వలేదు.

ఇప్పుడిక చెప్పకుండా ఆపేది ఏదీ మిగల్లేదు. "నాకూ ఉంది. ఉగాది నుంచి" అంది. ఎవరితో అంటున్నదో ఆమెకే తెలియలేదు.

వారిజ గోడ దగ్గరి నుంచి వచ్చి అత్త ముందు నిలబడింది. ఏడవలేదు. పొద్దున బిందె టికెట్టు గురించి మాట్లాడిన పిల్ల కాదు ఇప్పుడు.

"నా కోసమా అత్తా? పెద్దత్తను దాచమన్నదీ, నువ్వు దాచుకున్నదీ?"

"నీ కోసమే అనుకున్నా."

"నేను అడిగినానా?"

ఇందిరాబాయి తల అడ్డంగా ఊపింది. పిల్ల మళ్ళీ అడిగింది, ఈసారి చిన్న గొంతుతో. "నాకూ వస్తాదా?"

"తెలీదు తల్లీ. నువ్వు యాడికి పోయినా, ఎవర్ని చేసుకున్నా, ఏ నీళ్ళు తాగినా, చూసుకుంటా ఉండు. చేతికి ఏమన్నా తగిలితే ఆ రోజే చెప్పు. నాలాంటిది ఎవరన్నా దాచమంటే వినొద్దు."

అప్పుడు ఏడ్చింది వారిజ. అత్త భుజం మీద కాదు, తండ్రి దగ్గరికి పోయి ఏడ్చింది. అది న్యాయమే అనుకుంది ఇందిరాబాయి. పట్టుకోవడానికి ఏమీ లేక రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది.

పదకొండు గంటల బస్సు వెళ్ళిపోయింది. సేతుమాధవరావు అరుగు మీద నుంచి లోపలికి వచ్చాడు. ముఖం కడుక్కున్నట్టుంది, మీసాలు తడిగా ఉన్నాయి. పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు. అది గురురాజా వారిజా కూర్చుని, అన్నీ తెలిసి, తేల్చుకోవలసిన మాటని అందరికీ అర్థమైనట్టే ఉంది.

"రేపు మొదటి బస్సుకు బళ్ళారి పోదాం. ఆ డాక్టరమ్మకు నేను తెలుసు. నేనొస్తా నీతో" అన్నాడు ఆమెతో.

తాను తీసుకుపోతానన్నాడు భీమసేనరావు. వద్దన్నాడు ఆయన. "ఒకసారి ఆలస్యంగా పోయిన దోవ అది. నాకు అలవాటే." తర్వాత ఇందిరాబాయి వైపు తిరిగాడు. "నిన్ను క్షమించినానని అనుకోవద్దు."

"అనుకోను."

"వాళ్ళేమంటారో కూడా నాకు తెలీదు. ఐదు నెలలంటే ఐదు నెలలే."

"తెలుసు బావా." ఆమె చల్లారిన కాఫీ గ్లాసు తీసుకుని లోపలికి పోబోయి, గడప మీద ఆగింది. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. ఆమెకు చేతనైంది ఒక్కటే. "ఆ డాక్టరమ్మ కాగితంలో రాసుకునేటప్పుడు నువ్వు పక్కనే ఉండు. నన్ను ఎమ్మిగనూరు కిందే రాయించు. మీ ఊరి కింద రాయనీయొద్దు."

సేతుమాధవరావు ఉత్తరీయం కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు. పన్నెండేళ్ళలో ఆయన ఈ ఇంట్లో ఏడవడం అదే మొదలు.